అడవిని ఖాళీ చేసింది విల్లు కాదు

మహబూబాబాద్, భూపాలపల్లి అడవుల్లో దుప్పులు, కణుజులు, కొండగొర్రెలు పలచబడ్డాయన్న సంగతిలో భేదాభిప్రాయం లేదు. ఎందుకు పలచబడ్డాయని అడిగితే పట్టణాల్లో తరచూ వినిపించే జవాబు ఒక్కటే: ఆదివాసుల విల్లంబుల వల్ల. కొత్తగూడ, గంగారం, మహాముత్తారం, పలిమెల మండలాల్లో కోయవాళ్ల ఇంటి చూరులో విల్లు కనిపిస్తే చాలు, అది వేటకు సాక్ష్యమైపోతుంది. ఈ మధ్య దీనికి ఇంకో మాట తోడైంది. అమెరికా వేటగాళ్లు వాడే చక్రాల కాంపౌండ్ విల్లును, ఒంట్లో దిగేటప్పుడు రెక్కలు విచ్చుకునే బాణపు ములికి మెకానికల్ బ్రాడ్‌హెడ్‌ను వీడియోల్లో చూసినవాళ్లలో కొందరు, అవి ఇక్కడికి వస్తే మిగిలిన జింకలూ దక్కవని భయపడుతున్నారు. మరికొందరు అవే వస్తే జంతువు బాధ లేకుండా చస్తుందని మెచ్చుకుంటున్నారు. ఆ నింద, ఈ భయం, ఈ మెప్పు మూడూ తప్పే. విల్లు ఎలా పనిచేస్తుందో, దాని హద్దులేమిటో చూడకుండా పుట్టిన అభిప్రాయాలవి. విల్లును దోషిగా నిలబెట్టినంత కాలం అసలు దోషికి రక్షణ దొరుకుతూనే ఉంటుంది.

చట్టం సంగతి మొదట చెప్పుకోవాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను కట్టడి చేసింది. అప్పటికి మిగిలిన లైసెన్సు వేట కూడా 1991 సవరణతో పోయింది. చంపడం ఒక్కటే వేట కాదు. ఉచ్చు వేయడం, తరమడం, ఎర పెట్టడం, వీటిలో దేనికి ప్రయత్నించినా చట్టం దృష్టిలో వేటే. 2022 సవరణ తర్వాత మామూలు నేరానికి మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. అభయారణ్యంలో వేటాడితే శిక్ష మూడేళ్లకు తగ్గదు, ఏడేళ్ల దాకా పోవచ్చు. 2006 అటవీ హక్కుల చట్టం ఆదివాసుల సంప్రదాయ హక్కులెన్నిటినో గుర్తించినా వేట హక్కును మాత్రం పేరు పెట్టి మినహాయించింది. పైగా మచ్చల దుప్పి తెలంగాణ రాష్ట్ర జంతువు. కాబట్టి విల్లుతో వేటకు అనుమతి కావాలన్న వాదన ఇక్కడ లేదు. నేరం ఎవరిదో, ఏ పనిముట్టుదో సరిగ్గా తేల్చాలన్నదే వాదన.

గూడెంలో తయారయ్యే విల్లు వెదురుది. ముదురు వెదురును చీల్చి చెక్కిన బద్దే దాని ఒళ్లు. చాలాచోట్ల నారి కూడా సన్నని వెదురు బద్దే. అమ్ముకు వెనక ఈకలు, ముందు కమ్మరి కొట్టిన ఇనుప ములికి ఉంటాయి. పిట్టలకైతే మొన లేని మొద్దు అమ్ము వాడతారు. ఈ విల్లులో చక్రాలు లేవు, గురి చూసే దర్భిణి లేదు. నారిని ఎంత లాగితే అంత బరువు చేతిమీద పడుతుంది. పూర్తిగా లాగి పట్టుకుని తీరిగ్గా గురిచూడటం ఎంత కండ ఉన్నవాడికైనా కొద్ది క్షణాల పనే. ఈ చిన్న సంగతి వేట మొత్తాన్ని శాసిస్తుంది. జంతువు ఎప్పుడు పక్కకు తిరుగుతుందా అని నారి లాగి ఎదురుచూసే వీలు వెదురు విల్లుకు లేదు. జంతువు సరిగ్గా నిలబడ్డాకే లాగాలి, లాగిన వెంటనే వదలాలి. ఆ లాగే కదలికనే దుప్పి చూసేస్తుంది.

ఇక లెక్క. 40, 45 పౌన్ల బలంతో లాగే సాదా విల్లు నుంచి 32 గ్రాముల బాణం సెకనుకు 45 మీటర్ల వేగంతో వెళ్లిందనుకుంటే దాని శక్తి 32 జౌళ్లు. 70 పౌన్ల కాంపౌండ్ విల్లు నుంచి 26 గ్రాముల కార్బన్ బాణం సెకనుకు 85 మీటర్ల వేగంతో వెళితే 94 జౌళ్లు. 12 బోరు తుపాకి గుండ్ల శక్తి సుమారు రెండు వేల జౌళ్లు. ఈ మూడు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, విల్లునూ తుపాకినీ ఒకే గాటన కట్టడం ఎంత తప్పో తెలుస్తుంది. తుపాకి దెబ్బకు జంతువు అదురుకే కూలిపోవచ్చు. బాణానికి ఆ అదురు లేదు. బాణం కోస్తుంది, అంతే. రక్తం పోయి ప్రాణం పోవాలి.

బాణం వేగం తక్కువ కావడం వల్ల వచ్చే చిక్కు శక్తి తక్కువ కావడం కన్నా పెద్దది. నారి చప్పుడు గాలిలో సెకనుకు 340 మీటర్ల వేగంతో పోతుంది, అంటే బాణం కన్నా చాలా ముందే జంతువు చెవిన పడుతుంది. 20 మీటర్ల దూరంలో దుప్పి ఉందనుకుందాం. వెదురు విల్లు బాణం అక్కడికి చేరడానికి 0.44 సెకను పడుతుంది. చప్పుడు 0.06 సెకనులో చేరిపోతుంది. ఉలిక్కిపడి కాళ్లు వంచడానికి దుప్పికి 0.15 సెకను పట్టిందనుకున్నా, ఇంకా 0.23 సెకను దాని చేతిలోనే ఉంటుంది. పరుగు తీయడానికి ముందు జింక జాతి ఒంటిని కిందికి కుంగదీస్తుంది. 0.23 సెకనులో భూమ్యాకర్షణ వల్ల ఒళ్లు పాతిక సెంటీమీటర్లకు పైగా కిందికి దిగగలదు. దుప్పి ఊపిరితిత్తుల చోటు జానెడంత. అంటే వదిలిన క్షణంలో గురి అచ్చంగా సరైనదే అయినా, బాణం చేరేసరికి అక్కడ ఊపిరితిత్తులు ఉండవు. వెన్ను మీదుగా బాణం వెళ్లిపోవచ్చు, లేదా ప్రాణం తీయని చోట గుచ్చుకోవచ్చు. 30 మీటర్లకు పోతే వేటగాడికి అది అదృష్టం మీద వదిలిన బాణమే.

దూరం అంచనాలో తప్పు ఇంకో దెబ్బ. 20 మీటర్లనుకుని వదిలిన చోట దుప్పి నిజానికి 25 మీటర్ల దూరంలో ఉంటే, సెకనుకు 45 మీటర్లు పోయే బాణం 30 సెంటీమీటర్లు కిందికి పడుతుంది. సెకనుకు 85 మీటర్లు పోయేది 8 సెంటీమీటర్లు మాత్రమే దిగుతుంది. పొదల మధ్య, చెట్ల నీడలో అయిదు మీటర్ల తేడా కనిపెట్టడం అలవాటైన కంటికీ కష్టమే. అందుకే విల్లు పట్టినవాడు నీటి చెలమ దగ్గరో, ఇప్పపూలు రాలే చెట్టు దగ్గరో, మంచె మీదో కాపు కాయాలి. జంతువు పదిహేను, ఇరవై అడుగుల దగ్గరకు వచ్చేదాకా ఊపిరి బిగబట్టాలి. పగటి వెలుతురు కావాలి. గాలి తన వైపు వీయాలి. ఇన్నీ కుదిరి బాణం తగిలాక కూడా జంతువు అక్కడే పడిపోదు. రెండు ఊపిరితిత్తులూ తెగినా కొన్ని సెకన్లు పరుగెత్తుతుంది. ఆ కొన్ని సెకన్లలో దట్టమైన వెదురు పొదల్లోకి చేరిపోతుంది. పొట్టకు తగిలితే గంటల తరబడి నడుస్తుంది. నెత్తుటి బొట్లు వెతుక్కుంటూ పోవాలి. చీకటి పడితే అదీ సాగదు.

ఈ హద్దులన్నీ ఒక్కచోట చేరిస్తే తేలేది ఒకటే. విల్లు ఒక మనిషికి, ఒక పూటకు, ఒక జంతువు దగ్గర ఒక్క అవకాశం ఇస్తుంది. అదీ ఎక్కువసార్లు చేజారుతుంది. ఇలాంటి పనిముట్టుతో ఆహారం దొరకవచ్చు, మంద మాత్రం తుడిచిపెట్టుకుపోదు. విల్లు చేతబట్టిన జనమూ దుప్పుల మందలూ ఇదే గోదావరి లోయలో తరతరాలు పక్కపక్కనే బతికిన సంగతిని విల్లు మీద నేరం మోపేవాళ్లు వివరించలేరు.

మెకానికల్ బ్రాడ్‌హెడ్ ఈ లెక్కను మారుస్తుందా? దాన్ని మెచ్చుకునేవాళ్ల మాట ఇది: మామూలు ములికి రెక్కలు ఎప్పుడూ తెరుచుకునే ఉంటాయి, గాలిని పట్టి బాణాన్ని పక్కకు లాగుతాయి; మెకానికల్ ములికి రెక్కలు ఎగిరేటప్పుడు ముడుచుకుని ఉంటాయి కాబట్టి గురి చెడదు; తగలగానే విచ్చుకుని ఒకటిన్నర, రెండు అంగుళాల వెడల్పున కోస్తాయి కాబట్టి రక్తం త్వరగా పోతుంది. ఈ మాటల్లో మొదటి సగం నిజం. రెండో సగం బాణం వెనక ఎంత బలం ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. ఆ సంగతి అమ్మేవాళ్లు అంతగా చెప్పరు.

రెక్కలను ముడిచి ఉంచే పట్టీని తెంపడానికో, వాటిని వెనక్కి తిప్పడానికో కొంత శక్తి ఖర్చవుతుంది. ఆపైన వెడల్పైన గాయం కోయడానికి ఇంకా ఎక్కువ ఖర్చవుతుంది. 94 జౌళ్ల బాణానికి ఆ ఖర్చు భరించే స్తోమత ఉంది. 32 జౌళ్ల బాణానికి లేదు. చర్మం, పక్కటెముక దాటేసరికే దాని బలం అయిపోతుంది. ఏటవాలుగా తగిలితే ఒక రెక్క ముందు విచ్చుకుని బాణం దారి తప్పవచ్చు. అంబులపొదిలోనే పట్టీ జారి రెక్కలు తెరుచుకోవచ్చు. అమెరికాలోనే కొన్ని రాష్ట్రాలు పెద్ద జంతువుల వేటకు ఈ ములికిని చాలాకాలం నిషేధించాయి. దక్షిణాఫ్రికాలోని నటాల్‌లో 1980లలో ఎడ్ యాష్‌బీ అప్పుడే చచ్చిన పెద్ద జంతువుల కళేబరాల మీద బాణాలు వేసి పరీక్షలు మొదలుపెట్టాడు. లోతుగా దిగేది బరువైన బాణం, సన్నని, పొడవైన, విరగని రెండంచుల ములికి అని ఆయన తేల్చాడు. కమ్మరి కొలిమిలో సాగగొట్టిన సన్నని ఇనుప ములికి ఆ సూత్రానికి ఎంత దగ్గరో గమనించాలి. నెమ్మదైన విల్లుకు తగిన ములికి ఏదో గూడెం వాళ్లకు అనుభవం నేర్పింది. దాని స్థానంలో రెక్కల ములికిని బిగిస్తే విల్లు బలం పెరగదు, తగ్గుతుంది.

పరీక్షల తీరు గురించి ఇక్కడ కొంచెం ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే వీడియోల్లో చూపేవి పరీక్షలు కావు, ప్రదర్శనలు. నురుగు దిమ్మెలోకి బాణం వేసి ఎంత చక్కగా గుంపుగా పడ్డాయో చూపిస్తారు. విల్లు అమరిక సరిగ్గా ఉందా అన్న ప్రశ్నను ఆ గుంపు దాచేస్తుంది. నారి నుంచి బాణం నేరుగా వెలువడకపోతే తోక ఒక పక్కకు ఊగుతూ పోతుంది. రెక్కలు తెరుచుకుని ఉండే ములికి ఆ ఊగును పెద్దది చేసి చూపిస్తుంది. బాణాలు చెదిరిపోతాయి, తప్పు బయటపడుతుంది. మెకానికల్ ములికి ఆ ఊగును పైకి కనిపించనివ్వదు. గురి కుదిరినట్టే ఉంటుంది, కాని ఊగుతూ వచ్చిన బాణం ఒంటికి వంకరగా తగిలి, దిగాల్సిన బలాన్ని పక్కకు పారేస్తుంది. సరైన పరీక్షకు క్రమం ఉంది. ముందు ఈకలు లేని బాణాన్ని దగ్గర నుంచి వదిలి అది ఏ పక్కకు వాలుతోందో చూడాలి. బిగించి కట్టిన కాగితంలోంచి బాణాన్ని పోనిచ్చి చిరుగు ఆకారం చూడాలి. గుండ్రని చిల్లుకు మూడు ఈకల గీతలు పడితే బాణం నేరుగా పోతున్నట్టు, పక్కకు సాగిన చిరుగు పడితే అమరిక తప్పినట్టు. బాణం కర్ర బిగువు విల్లు బలానికి సరిపోవాలి. నారి మీద బాణం తగిలించే చోటు సరిచేయాలి. ఆ తర్వాతే సాదా మొనల బాణాలూ ములికి బాణాలూ ఒకే దూరం నుంచి వేసి రెండూ ఒకే చోట పడుతున్నాయా అని చూడాలి. ఇంత చేసినా నురుగు దిమ్మెకు తోలు లేదు, పక్కటెముక లేదు, అది చప్పుడు విని కుంగదు.

చప్పుడు విని కుంగదన్న ఆ చివరి మాటే అన్నిటికన్నా ముఖ్యం. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో కాంపౌండ్ విల్లుతో మూడు బంగారు పతకాలు గెలిచింది. ఆ పోటీలో లక్ష్యం 50 మీటర్ల దూరంలో ఉంటుంది, పది పాయింట్ల వలయం వ్యాసం 8 సెంటీమీటర్లు. మనిషి నైపుణ్యానికి అది శిఖరం. కాని ఆ దూరానికి బాణం వెళ్లడానికి అర సెకనుకు పైనే పడుతుంది. అంత సమయంలో అడవి దుప్పి నలభై సెంటీమీటర్లు కుంగిపోగలదు. క్రీడా మైదానంలోని ఆ గురిని అడవిలోకి పట్టుకొచ్చి, ఈ విల్లుంటే జంతువులు ఇక మిగలవని చెప్పడం రెండింటినీ అర్థం చేసుకోకపోవడమే. అన్ని హంగులూ అలవాటూ ఉన్న వేటగాళ్ల లెక్క కూడా చూడవచ్చు. అమెరికాలోని మేరీలాండ్‌లో ఒక నౌకాదళ కేంద్రం పరిధిలో 1989 నుంచి 2006 దాకా రాసిపెట్టిన వివరాల ప్రకారం, బాణం తగిలిన జింకల్లో దాదాపు 18 శాతం వేటగాళ్లకు దొరకలేదు. అవి గాయంతో తప్పించుకున్నాయి. అనుమతి ఉన్న చోట, శిక్షణ పొందినవాళ్ల చేతిలో, మంచి పరికరాలతో తేలిన సంఖ్య ఇది. బాధ లేని చావు అన్న మెప్పుకు ఈ అంకె ఒక్కటే సమాధానం. ఇంగ్లండ్ 1963 నుంచి జింకల మీద విల్లు వాడకాన్ని నిషేధించింది. కాబట్టి దయ పేరుతో మెకానికల్ ములికిని భారతదేశపు అడవిలోకి తేవాలనేవాళ్ల మాట చట్టం ముందూ నిలవదు, జంతువు ముందూ నిలవదు.

ఆ పరికరం వస్తే అడవి ఖాళీ అవుతుందన్న భయానికీ ఆధారం లేదు. మంచి కాంపౌండ్ విల్లు, బాణాలు, గురి సాధనం కలిపితే లక్ష రూపాయలు దాటుతుంది. తెగిన నారి మార్చాలంటే ప్రత్యేకమైన ప్రెస్ కావాలి. ఒక బాణం పోతే అదే బిగువున్న బాణం గంగారం అంగట్లో దొరకదు. కరెంటు తగిలించిన వంద రూపాయల బైండింగ్ వైరుతో పని జరుగుతున్న చోట ఇంత ఖర్చుకు, ఇంత సాధనకు దిగే దొంగవేటగాడు అరుదు.

విల్లు మీద నింద నిలవదని చెప్పడానికి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల పటమే సాక్ష్యం. 2016 అక్టోబరులో ఎక్కువ భాగం పాత వరంగల్ జిల్లా నుంచి ఏర్పడిన వీటిలో జనగామ రాతి గుట్టల, బోరుబావుల నేల. అక్కడ కోయగూడేలు లేవు, విల్లు పట్టే అలవాటు లేదు. దక్కన్ మైదానాల్లో ఒకప్పుడు మందలుగా తిరిగిన కృష్ణజింకకు ఇప్పుడు అక్కడ నిలువనీడ లేదు. మహబూబాబాద్‌లో అడవి కొత్తగూడ, గంగారం, గూడూరు, బయ్యారం వైపు చిక్కబడుతుంది. పాకాల అభయారణ్యం కొంత ఆ జిల్లాలోకీ వస్తుంది. భూపాలపల్లిలో మహదేవపూర్, పలిమెల దాటి గోదావరి ఒడ్డు దాకా అడవే. 2019లో ములుగు విడిపోయాక ఏటూరునాగారం అభయారణ్యం అటు పోయింది. దుప్పులు ఇప్పటికీ మిగిలినవి ఈ కోయగూడేల పక్కనే. అందుకు మొదటి కారణం అక్కడ అడవి మిగలడమే, నిజమే. అయినా విల్లే అడవిని తినేసి ఉంటే, విల్లు లేని చోట జంతువు మిగిలి, విల్లున్న చోట పోవాలి. జరిగింది దానికి తలకిందులు.

చరిత్ర కూడా ఇదే చెబుతుంది. నిజాం రాజ్యంలో పెద్ద జంతువుల షికారు దొరలకూ జాగీర్దారులకూ వాళ్ల అతిథులకూ చెందిన వినోదం. 1902లో హైదరాబాద్ సంస్థానానికి వచ్చిన వైస్రాయ్ కర్జన్ భార్యతో కలిసి, తుపాకితో చంపిన పులి వెనుక నిలబడి దిగిన ఫోటో ఆ కాలపు వేటకు నిలువెత్తు రుజువు. స్వాతంత్ర్యం వచ్చాక కాలం మారి జీపు, హెడ్‌లైటు, పంట కాపలా పేరుతో తీసుకున్న తుపాకి లైసెన్సు వచ్చాయి. రాత్రిపూట వెలుగు కళ్లలో కొడితే జింక కదలకుండా నిలబడిపోతుంది. జీపులోంచి దిగకుండానే కాల్చవచ్చు. 1972 చట్టం రావడానికి ముందరి రెండు, మూడు దశాబ్దాల్లో దేశమంతటా వన్యప్రాణులు కూలిపోయింది ఈ తరహా వేటకే. ఇది పాత కథ కాదు. 2017 మార్చిలో మహదేవపూర్ అడవిలో దుప్పులను తుపాకితో చంపిన కేసు రాష్ట్రమంతా మారుమోగింది. ఆ కేసులో విల్లు లేదు.

ఇప్పటి దోషి తుపాకి కన్నా చవకైనది, చప్పుడు లేనిది. పొలం గట్టునో, జంతువులు నీటికి దిగే దారినో చిన్న కొయ్యలు పాతి, వాటి మీద మోకాలి ఎత్తున బోసి తీగ లాగుతారు. దాని కొసను వ్యవసాయ మోటారు లైనుకో, 11 కేవీ లైనుకో కొక్కెంతో తగిలిస్తారు. ఇక మనిషి అక్కడ ఉండనక్కర్లేదు. గురి అక్కర్లేదు, దూరం అంచనా అక్కర్లేదు, వెలుతురు అక్కర్లేదు, గాలివాలు అక్కర్లేదు. పైన చెప్పిన విల్లు హద్దుల్లో ఒక్కటీ తీగకు లేదు. ఒకే రాత్రి ఒకే తీగకు తల్లి, పిల్ల, వెనక వచ్చే మరో దుప్పి వరసగా పడవచ్చు. చూలుదా, కొమ్ముల పోతా అన్న తేడా తీగకు తెలియదు. అడవిపంది కోసం కట్టిన తీగకు ఎలుగుబంటి చస్తుంది, మేకలు చస్తాయి, తెల్లవారుజామున మోటారు వేయడానికి వెళ్లిన రైతు చస్తాడు. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా కాటారం మండలం అడవిలో కూంబింగ్‌కు వెళ్లిన గ్రేహౌండ్స్ కానిస్టేబుల్ ఒకరు జంతువుల కోసం అమర్చిన కరెంటు తీగ తగిలి చనిపోయారు. ఆయుధం పట్టుకుని, శిక్షణ పొంది, జాగ్రత్తగా నడిచే మనిషికే తీగ కనిపించలేదంటే, నీటికి వచ్చే దుప్పికి కనిపిస్తుందా?

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు అందుతోంది. రైతుకు అది మేలే, ఆ మేలును తప్పుపట్టడానికి లేదు. కాని ఒకప్పుడు ఇచ్చిన గంటల్లోనే ప్రాణం తీసే తీగ ఇప్పుడు సంధ్య నుంచి తెల్లారేదాకా ఎప్పుడు తగిలించినా ప్రాణం తీస్తుందన్న సంగతిని లెక్కలోకి తీసుకోకపోతే అడవి కాపలా సగమే అవుతుంది. తీగతో పాటు క్లచ్ వైరు ఉచ్చులున్నాయి. ఉచ్చు కూడా తీగ లాంటిదే: వేసినవాడు మరిచిపోయినా అది మరిచిపోదు, వారాల తరబడి అలాగే కాచుకుని ఉంటుంది. ఇలా పడిన మాంసం ఎక్కువగా గూడెంలో పంచుకునేది కాదు, పట్టణానికి అమ్ముడుపోయేది. కొనేవాడు ఉన్నాడు కాబట్టి తీగ ఉంది. విల్లు వేటకూ తీగ వేటకూ ఇక్కడే అసలు తేడా. ఆకలి తీరితే విల్లు ఆగుతుంది. బజారుకు ఆకలి తీరడమంటూ లేదు.

విల్లు మీద నేరం మోపేవాళ్ల చేతిలో ఒక బలమైన ఉదాహరణ ఉంది. దాన్ని దాటవేయడం న్యాయం కాదు. ఒడిశాలోని సిమిలిపాల్‌లో అఖండ్ శికార్ పేరుతో జరిగే సామూహిక వేటలు, పశ్చిమ బెంగాల్ జంగల్ మహల్ ప్రాంతంలో పండుగ వేటలు జంతువులను పెద్ద దెబ్బ తీశాయి. అక్కడ విల్లంబులు, బల్లేలు పట్టినవాళ్లే వందల్లో కదిలారు. నిజమే. కాని అక్కడ చంపింది విల్లు ఒక్కటే కాదు. మనుషుల సంఖ్య, కుక్కలు, వలలు, నాలుగు వైపుల నుంచీ తరిమే పద్ధతి అందులో ఉన్నాయి. ఒక్కొక్కరి చేతిలో కర్ర ఉన్నా అదే జరిగేది. కోయలకూ విత్తనాల పండుగ సందర్భంగా వేట ఆచారముంది. ఉత్త చేతులతో తిరిగొచ్చిన మగవాళ్లను ఆడవాళ్లు ఎగతాళి చేస్తూ పేడనీళ్లు చల్లే ఆనవాయితీని పాత రచనలు కూడా నమోదు చేశాయి. ఉత్త చేతులతో రావడం పండుగలో ఒక భాగమయ్యేంత మామూలు సంగతి అన్నది ఆ ఆచారంలోనే ఉంది. దాన్ని కూడా చట్టం ఒప్పుకోదు. గూడెం పెద్దలతో కూర్చుని, విల్లును పూజలో ఉంచి వేటను మాన్పించే దారి వెతకాలి. ఇంట్లోకి వచ్చి విల్లును ఎత్తుకుపోతే ఆ మాట వినేవాళ్లు మిగలరు.

తప్పుడు నిర్ధారణకు ఖరీదు ఉంటుంది. చూరులోని విల్లును పట్టుకోవడం తేలిక: పగలు కనిపిస్తుంది, పారిపోదు, దాని యజమానికి వకీలును పెట్టుకునే స్తోమత ఉండదు. తీగ రాత్రి వేస్తారు, తెల్లారకముందే తీసేస్తారు, తగిలించినవాడి వెనక కొనేవాడు, కొనేవాడి వెనక పలుకుబడి ఉంటాయి. తేలికైన కేసు కట్టినప్పుడల్లా కష్టమైన కేసు వెనకబడుతుంది. అంతకన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది. అడవిలో తీగ ఎక్కడ కట్టారో, ఏ కుంట దగ్గర ఉచ్చులున్నాయో, రాత్రి ఏ బండి వచ్చిపోయిందో ముందుగా తెలిసేది గూడెం వాళ్లకే. వాళ్లనే దొంగలుగా చూసే అధికారికి ఆ కబురు అందదు.

చేయాల్సిన పనులు తెలియనివి కావు. అడవి అంచు ఊళ్లలో లైన్‌మన్, బీట్ అధికారి కలిసి రాత్రి గస్తీ తిరగాలి. లైను అకస్మాత్తుగా ట్రిప్ అయిన చోటును మర్నాడే వెళ్లి చూడాలి, ఎందుకంటే చాలాసార్లు ఆ ట్రిప్పే తీగకు జంతువు పడిన గుర్తు. అడవి గుండా పోయే లైన్లకు బోసి తీగల బదులు తొడుగు ఉన్న కేబుళ్లు వేయాలి. తీగ కట్టినవాడి మీద వన్యప్రాణి చట్టంతో పాటు 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షను కింద దొంగతనం కేసు కూడా పెట్టాలి. పందులు పంట తిన్న రైతుకు పరిహారం ఆ పంటకాలంలోనే చేతికందాలి. అది అందితే తీగ కట్టే రైతుల్లో చాలామంది మానుకుంటారు. పట్టణంలో అడవి మాంసం కొనేవాడిని కూడా ముద్దాయిగా చేర్చాలి. ఇవన్నీ చేసి, ఆ తర్వాత కూడా దుప్పులు తగ్గితే అప్పుడు చూరులోని విల్లు వైపు చూడవచ్చు. అందాకా మహబూబాబాద్, భూపాలపల్లి అడవుల్లో గస్తీ తిరిగేవాళ్లు వెతకాల్సింది కరెంటు తీగను.